పాల లెక్క పక్కన ఇంకొక్క మాట

అక్కలూ, చెల్లెళ్లూ, పిల్లలు బడికి, పెద్దవాళ్లు పనులకు పోయి ఇల్లు కాస్త నిమ్మళమైన వేళ ఇది. పప్పు ఉడికేలోగా ఒక ముచ్చట పెట్టుకుందాం, కూర్చోండి.

ముందు మీ వంటింటి గోడకున్న క్యాలెండర్ వైపు ఒకసారి చూడండి. ఒక్కో తారీఖు గడిలో తిథి, నక్షత్రం, రాహుకాలం, వర్జ్యం అచ్చులో ఉంటాయి. మిగిలిన కాస్త చోటులో మన చేతిరాత. పాలు ఎక్కువ పోయించుకున్న రోజు ‘1 లీ’, గ్యాస్ బండ వచ్చిన రోజు ‘గ్యా’, చిట్టీ కట్టాల్సిన తారీఖు చుట్టూ సున్నా, పనామె రాని రోజుకు ఇంటూ గుర్తు, పిల్లాడి ఫీజుకు ఆఖరి రోజు, అత్తమ్మ బీపీ గోళీలు అయిపోయే రోజు. ఇల్లు ఎట్లా నడిచిందో ఆ గళ్లు చదివితే లెక్కతో సహా తెలిసిపోతుంది. ఇంట్లోవాళ్లు ఏ రోజు ఎందుకు నవ్వారో మాత్రం ఎక్కడా కనిపించదు.

పాల లెక్క పక్కన ఆ ఒక్క మాట కూడా రాద్దాం, దాన్ని మన ఇంటి ఆచారంగా చేసుకుందాం అని అడగడానికే ఈ వేళ మీ ముందుకు వచ్చాను.

పెళ్లికి ఆల్బమ్ ఉంది, వీడియో ఉంది. పుట్టిన పండుగకు, ఓణీల ఫంక్షన్‌కు, గృహప్రవేశానికి ఫోటోగ్రాఫర్ వస్తాడు. మా లాల్‌దర్వాజా బోనాలప్పుడు వీధిలో ఎత్తిన బోనాలు ఎన్నో, ఎత్తిన ఫోన్లు అన్ని. మామూలు మంగళవారానికే దిక్కులేదు. మన బతుకులో పండుగలెన్ని, మంగళవారాలెన్ని? లెక్కేసుకుంటే బతుకంతా మంగళవారాల్లోనే ఉంది.

మేముండేది ఫలక్‌నుమాలో, స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో. ఇక్కడి సంబురాలు చాలా చిన్నవి. రైతుబజార్‌లో తూకం అయ్యాక కూరలామె అడగకుండానే గుప్పెడు కరివేపాకు సంచిలో వేయడం. ఎంఎంటీఎస్‌లో ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్క సీటు దొరకడం. కరెంటు పోయిన రాత్రి డాబా మీద వాడకట్టు పిల్లలంతా ఒక్కచోట చేరడం. రంజాన్ నెలలో పక్కింటి ఖాలా పంపిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదని మనం అందులో ఏదో ఒకటి పెట్టడం, సంక్రాంతికి మన సకినాలు వాళ్లింటికి పోవడం. వీటిలో ఒక్కటి కూడా ఎవరూ రాసిపెట్టుకోరు. రెండో రోజుకు యాదికి కూడా ఉండవు.

ఒకటి మాత్రం మా చెల్లి రాసిపెట్టింది కాబట్టి మీకు ఉన్నదున్నట్టు చెప్పగలుగుతున్నాను. దాని కూతురికి అప్పుడప్పుడే గుణింతాలు వస్తున్నాయి. పొద్దుగాల రైలు కోసం నిలబడ్డారు. స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు నాలుగు లిపుల్లో ఉంటుంది కదా. పిల్ల తెలుగు వరుస పట్టుకుని ‘ఫ... ల...’ అని మొదలుపెట్టింది. పొల్లు దగ్గర ఆగిపోయింది. కాసేపు తల వంచి చూసి, ‘క్’ అని గట్టిగా పలికి, కొమ్మును గుర్తుపట్టి ‘ను’ అని, ‘మా’కు ఇంత దీర్ఘం తీసి, “అమ్మా, ఇది మన ఊరే!” అని అరిచింది. ప్లాట్‌ఫారం మీద మల్లెపూలు కడుతున్నామె చేతిలో దారం ఆపి నవ్వింది. పక్కన బురఖాలో ఉన్న ఒక పెద్దమ్మ “షాబాష్ బేటీ” అని దగ్గరికి పిలిచి, ఉర్దూ వరుసను కుడి నుంచి ఎడమకు వేలితో చూపిస్తూ అదే పేరు చదివి వినిపించింది. ఇంతలో రైలొచ్చింది, ఎవరి దారిన వాళ్లు ఎక్కారు. ఆ రాత్రి చెల్లి క్యాలెండర్ గడిలో ‘బోర్డు చదివింది, షాబాష్ బేటీ’ అని రాసింది. రాసింది నాలుగంటే నాలుగు మాటలు. వాటి వెంట ఆ పొద్దు మొత్తం, పూలామె నవ్వుతో సహా వెనక్కి వస్తుంది.

స్టేషన్‌కు కొంచెం దూరంలో గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. 1884లో పాయిగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా దానికి పునాది వేయించాడు. తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. 101 మంది ఒకేసారి కూర్చుని భోంచేసే బల్ల గురించి హైదరాబాద్‌లో వినని వాళ్లుండరు. 2010 నుంచి అది తాజ్ వాళ్ల హోటల్. నవాబుల రోజుల్లో లోపలి గదులు, మెట్లు, దీపాలు ఎట్లా ఉండేవో ఈనాటికీ మనం చూడగలుగుతున్నామంటే నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ పుణ్యమే. ఆయన ఇంకో మంచిపని కూడా చేశాడు. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే ఒక జనానా స్టూడియో తెరిచాడు. పరదా దాటి రాని ఇళ్ల ఆడవాళ్లు అక్కడికి వచ్చి ఫోటో తీయించుకునేవారు. కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషామె దాన్ని నడిపింది. ఇప్పటికి నూట ముప్పై ఏళ్ల కిందటి మాట అది.

ఆ స్టూడియో దాకా పోగలిగింది ఎవరు? పెద్దింటి బేగములు, జమీందారు ఇళ్ల ఆడవాళ్లు. అదే కాలంలో ఈ గుట్ట కింద నీళ్లు మోసిన వాళ్లు, బట్టలుతికిన వాళ్లు, పిల్లల్ని పెంచిన వాళ్లు కూడా ఏదో ఒక పూట కడుపారా నవ్వే ఉంటారు. ఆ నవ్వుకు సాక్ష్యం లేదు. రాజుగారి బల్లకు ఎన్ని కుర్చీలో తెలుసు మనకు, మన ముత్తవ్వకు ఏ కూర ఇష్టమో తెలియదు. ఇప్పుడు మన అందరి చేతుల్లోనూ ఫోన్ ఉంది, ఇంటింటా పెన్ను ఉంది, చదువు ఉంది. ఇంకా మన మనుమరాళ్లకు మన గురించి తెలియకుండా పోతే ఆ తప్పు కాలానిది కాదు.

రాసిపెట్టడం మనకు కొత్తా అంటే కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, దారిలో మజిలీ మజిలీకీ ఏం దొరికిందో, ఎక్కడ దిగారో, మనుషులు ఎట్లా ఉన్నారో రాసుకుంటూ పోయాడు. మన హైదరాబాద్ మీదుగానే పోయాడు. దాన్ని ఆయన స్నేహితుడు శ్రీనివాస పిళ్లై 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించాడు. ఆ రోజు రాసుకున్నాయనకు అవి దారి వివరాలే, ఈ రోజు మనకు అది చరిత్ర. పాకాల యశోదారెడ్డి గారు 1973లో ‘మా ఊరి ముచ్చట్లు’ తెచ్చారు. పాలమూరు పల్లెలో ఆడవాళ్లు వాకిట్లో మాట్లాడుకున్న మాటను, ఆ యాసను, ఆ వరసలను అట్లాగే కాగితం మీద పెట్టారు. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ల సంఘంలోని అక్కలు తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ల దగ్గరికి పోయి, వాళ్లు చెప్పింది రికార్డు చేసుకుని ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం తెచ్చారు. ఎవరో ఒకరు వచ్చి కూర్చుని “చెప్పమ్మా” అని అడిగారు కాబట్టే ఆ ఆడవాళ్ల మాటలు దక్కాయి. మన ఇంట్లో అట్లా అడగాల్సింది మనమే.

“చిన్న చిన్నవి రాస్తే ఏం లాభం” అంటారేమో. దీని మీద చదువుకున్నవాళ్లు పరీక్ష పెట్టి మరీ చూశారు. హార్వర్డ్‌లో టింగ్ ఝాంగ్ అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసేవాళ్లు కాలేజీ పిల్లల చేత కొన్ని మామూలు సంగతులు రాయించారు. ఈమధ్య ఎవరితో ఏం మాట్లాడారు, ఏ పాటలు విన్నారు, స్నేహితుల మధ్య నడిచే జోకు ఏమిటి, ఇట్లాంటివి. మూడు నెలల తర్వాత ఇవి మళ్లీ చదివితే ఎంత ఆసక్తిగా ఉంటుందనుకుంటున్నారు అని ముందే అడిగారు. పెద్దగా ఏముంటుందిలే అన్నట్టు చెప్పారు పిల్లలు. మూడు నెలలకు తీసి చూసుకున్నప్పుడు, తాము అనుకున్నదానికన్నా ఎక్కువ ఆసక్తిగా చదువుకున్నారు. వేరేవాళ్లతో చేసిన ఇంకో పరీక్షలో, ప్రేమికుల రోజు లాంటి ప్రత్యేకమైన రోజు సంగతుల కంటే మామూలు రోజు సంగతుల విషయంలోనే అంచనా ఎక్కువ తప్పింది. 2014లో వచ్చిన పరిశోధన ఇది. అంతకుముందు 2005లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం కొందరి చేత వారం పాటు ప్రతి రాత్రీ ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు, అవి ఎందుకు జరిగాయో రాయించింది. ఆరు నెలల తర్వాత కూడా వాళ్ల మనసు ముందుకన్నా తేలిగ్గానే ఉంది. వారం అయ్యాక కూడా సొంతంగా రాస్తూ పోయినవాళ్లకు ఇంకా మేలు జరిగింది.

బాధకు కాగితం అక్కర్లేదు, చెల్లీ. ఎవరు ఏ పెళ్లిలో మనల్ని ఒక మాట అన్నారో ఇరవై ఏళ్లయినా చీర రంగుతో సహా గుర్తుంటుంది. సంతోషం అట్లా కాదు, మనం పట్టుకుంటేనే నిలుస్తుంది. అందుకే దానికి రాత కావాలి.

ఇక ఎట్లా చేయాలో మాట్లాడుకుందాం. కొత్త డైరీ కొనకండి. జనవరిలో కొన్న డైరీలు ఫిబ్రవరికి ఎక్కడ ఉంటాయో మన అందరికీ తెలుసు. మన చెయ్యి రోజూ ఎక్కడికి పోతుందో అక్కడే రాయాలి. క్యాలెండర్ గడి చిన్నది, అది మనకు మంచిదే. పేజీ నింపాలన్న భయం ఉండదు. పక్కన ఒక పెన్ను దారంతో కట్టి వేలాడదీయండి, లేకపోతే అది పిల్లల బ్యాగుల్లోకి పోతుంది.

రాసేటప్పుడు ‘ఈ రోజు బాగుంది’ అని రాయకండి. ఏం బాగుందో రాయండి. ‘నాన్న టమాటా చారు రెండోసారి పోయించుకున్నాడు’. ‘అత్తమ్మ మోకాలు నొప్పి లేదంది, మెట్లెక్కింది’. ‘వాన, పకోడీలు, కరెంటు లేదు’. అందులో మనిషి ఉండాలి, వస్తువు ఉండాలి, వీలైతే ఆ మనిషి నోటిమాట ఉండాలి. పదేళ్ల తర్వాత చదివినప్పుడు ‘బాగుంది’ అన్నది ఏమీ చెప్పదు, టమాటా చారు అంతా చెప్తుంది.

ఇది అమ్మ ఒక్కదాని పని కాకూడదు. ఇంట్లో గుర్తుపెట్టుకునే పనులన్నీ మన నెత్తినే ఉన్నాయి, ఇది కూడా చేరిస్తే ఆచారం కాదు, బరువు అవుతుంది. వంతులు వేయండి. ఇంటాయన వంతు ఇంటాయన రాయాలి. “నాకేం తోచదు” అంటే ఊరుకోకండి. అన్నం తినేటప్పుడు “ఇయ్యాల ఏం మంచిగనిపించింది” అని అడిగితే తోస్తుంది. రాయడం రాని చిన్నపిల్లలు బొమ్మ గీస్తారు. రెండు గుండ్రాలు, ఒక గీత గీసి “ఇది మేక” అంటారు. కింద మీరు ‘మేక’ అని రాయండి, ఏ వీధిలో చూశారో కూడా రాయండి.

రాయలేని పెద్దవాళ్లకు ఫోన్ ఉంది. వాళ్ల గొంతు రికార్డు చేయండి. మొదట తారీఖు, మాట్లాడుతున్నది ఎవరో చెప్పి, ఆ తర్వాత వాళ్లను మాట్లాడనివ్వండి. “నీ జీవితం గురించి చెప్పు” అంటే ఏ పెద్దామె అయినా “ఏముంది బిడ్డా చెప్పడానికి” అంటుంది. చిన్న ప్రశ్న అడగండి. “కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నీతో మొదట సోపతి చేసిందెవరు?” “ఇంట్లోకి రేడియో వచ్చిన రోజు ఏం విన్నారు?” మా పెద్దత్తను ఈ రేడియో ప్రశ్న అడిగితే ముఖం వెలిగిపోయింది. ఆకాశవాణి హైదరాబాద్‌లో కార్మికుల కార్యక్రమం వచ్చే వేళకు వాడకట్టులో ఉన్న ఒక్క ట్రాన్సిస్టర్ ముందు అందరూ ఎట్లా చేరేవారో, అందులోని చిన్నక్క, ఏకాంబరం పాత్రల మాటలకు ఎవరెవరు ఎట్లా నవ్వేవారో ఒక్కొక్కరి నవ్వునూ చేసి చూపించింది. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఆమె గొంతులో వాళ్ల నవ్వు ఉంది.

చదువుకోవడానికి ఒక రోజు పెట్టుకోవాలి, లేకపోతే రాసింది రాసినట్టే ఉండిపోతుంది. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో రాబోయే ఏడు ఎట్లా ఉంటుందో వింటాం కదా. ఆ సాయంత్రం అందరం కూర్చుని పోయిన ఏడు ఎట్లా గడిచిందో మన రాతలోనే చదువుకుందాం. ఇంట్లో చిన్నవాళ్ల చేత చదివిద్దాం. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం పంచాంగం చెప్తుంది. మన ఇంట్లో ఎన్ని నవ్వులో క్యాలెండర్ చెప్తుంది. దుబాయ్‌లోనో, డాలస్‌లోనో ఉన్న అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కూడా వీడియోలో కూర్చోబెట్టండి. వాళ్ల గళ్లు వాళ్లు చదువుతారు.

దాచుకునే జాగ్రత్త కూడా చెప్తాను. డిసెంబర్ అయిపోగానే పాత క్యాలెండర్‌ను అటక మీద పేపర్లు పరచడానికి వాడకండి. ఒక్కో నెల కాగితాన్ని ఫోటో తీసి ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్లలో ఉంచండి. 2020 అక్టోబర్ వానలు మా పాతబస్తీలో ఎవరూ మరచిపోలేదు. ఫలక్‌నుమా పక్కన అల్ జుబైల్ కాలనీలో వరద నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. అట్లాంటి వరదలో పోయిన ఫ్రిజ్ మళ్లీ కొనుక్కోవచ్చు, తడిసి అట్టకట్టుకుపోయిన ఆల్బమ్ ఏ దుకాణంలోనూ దొరకదు. కాగితాలను పై అరలో ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి. పాత ఫోటోల వెనక ఎవరెవరు ఉన్నారో, ఏ ఊరో, ఏ సంవత్సరమో మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి. బాల్ పెన్నుతో ఒత్తి రాస్తే ముందు వైపు గీతలు తేలతాయి. పేర్లు తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే ఈ పని చేయాలి.

“మంచి చెప్పుకుంటే దిష్టి తగులుతుంది” అని మా పెద్దవాళ్లు అన్నారు, మీ ఇంట్లోనూ అంటారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. అందుకే ఇది స్టేటస్‌లో పెట్టేది కాదు, నలుగురికీ చూపించేది కాదు. మన వంటింటి గోడ మీద, మనవాళ్ల మధ్య ఉండేది. లైకుల కోసం రాస్తే గొప్పలు రాస్తాం, మన కోసం రాస్తే నిజం రాస్తాం.

ఇంకో గట్టి నియమం ఉంది. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దకూడదు, ఎగతాళి చేయకూడదు, రేపు గొడవలో దెప్పడానికి వాడకూడదు. కోడలు ‘ఈ రోజు పుట్టింటికి పోయాను’ అని రాస్తే, “అంటే ఇక్కడ సంతోషం లేదా” అని అడగకూడదు. పదో తరగతి పిల్ల ‘స్నేహితురాలితో మాట్లాడాను’ అని మాత్రమే రాస్తే ఏం మాట్లాడావని నిలదీయకూడదు. ఈ భరోసా లేని ఇంట్లో గళ్లన్నీ ‘బాగుంది’తోనే నిండుతాయి.

ఇంట్లో కష్టం వచ్చిన రోజుల సంగతి ఏమిటి? ఒక మనిషి పోయిన నెలలో, ఆసుపత్రుల చుట్టూ తిరిగే రోజుల్లో గడి ఖాళీగా వదిలేయండి. బలవంతంగా నవ్వు రాయనక్కర్లేదు. ఖాళీ గడి కూడా ఆ ఇంటి నిజమే. అయితే ఒక మాట. అట్లాంటి రోజుల్లో కూడా ఎవరో అన్నం క్యారియర్ తెచ్చి ఉంటారు, రాత్రంతా వార్డు బయట తోడు కూర్చుని ఉంటారు. వాళ్ల పేరు రాయండి. రేపు మన పిల్లలకు ఎవరి రుణం ఉందో తెలుస్తుంది.

ఈ పనికి డబ్బు పెట్టనక్కర్లేదు. టైమా, పాల లెక్క రాయడానికి పట్టేంతే. మన తర్వాతి వాళ్లకు ఇల్లు ఇవ్వగలమో లేదో, బంగారం ఇవ్వగలమో లేదో తెలియదు. వాళ్లు ఎట్లాంటి ఇంట్లో పుట్టారో, ఎవరెవరు వాళ్లను చూసి మురిసిపోయారో ఆ మాట మాత్రం ప్రతి ఒక్క తల్లీ ఇవ్వగలదు.

అక్కా, చెల్లీ, దీనికి ముహూర్తం చూడకండి, కొత్త సంవత్సరం దాకా ఆగకండి. ఈ రోజే మీ ఇంట్లో అందరికన్నా పెద్దామె పక్కన కూర్చుని, “నిన్న నీకు ఏం మంచిగనిపించింది?” అని అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి, ఆమె గొంతు దాచుకోండి. వచ్చే పండక్కి అడుగుదాంలే అని మాత్రం అనుకోవద్దు.